హాబీల గడిలో హరికథ

రాజకుమారి గది గుమ్మం దగ్గర పెట్టిన కాఫీ గ్లాసు పెట్టినట్టే ఉంది. పైన మీగడ కట్టింది. అంచున ఓ చీమ తిరుగుతోంది. జగదీశ్వరి వంగి గ్లాసు తీసుకుంటూ తలుపు వైపు చూసింది. తలుపు పూర్తిగా వేసీ లేదు, తీసీ లేదు, ఓరగా ఉంది. ఆడబిడ్డ కోపం ఎప్పుడూ అంతే. గడియ పెట్టుకునే మనిషైతే తలుపు బాదైనా పిలవచ్చు.

"వదినా, ఇది సల్లారిపోనాది. ఇంకోటి కలిపి తెస్తాను" అంది.

లోపల నవారు మంచం కిర్రుమంది.

వంటింట్లోకి వచ్చి ఆ చల్లారిన కాఫీ తనే తాగేసింది. పారబోయడానికి మనసొప్పలేదు. నిన్నటి నుంచి ఇంట్లో ఎవరూ తిననివీ తాగనివీ అన్నీ ఆమె కడుపులోకే పోతున్నాయి. ఆడబిడ్డకు కోపమొస్తే అన్నం మానేస్తుంది. మొగుడికి కోపమొస్తే వీధిలోకి పోతాడు. కూతురికి ఏడుపొస్తే డాబా ఎక్కుతుంది. అలగడానికి తీరిక లేని మనిషి ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు మిగిలిన కాఫీలన్నీ ఆవిడే తాగాలి మరి.

అసలు జరిగింది చెప్పుకుంటే ఎంతో లేదు. కూతురు కౌముది లా చదువు ఈ వేసవితో అయిపోతోంది. హైదరాబాదులో పెద్ద లాయర్ల కంపెనీ ఒకటి ఉద్యోగాలకు పిలిస్తే దరఖాస్తు పెట్టింది. అందులో చదువూ మార్కులూ అన్నీ అయ్యాక చివర ఒక గడి ఉంటుందట. నీ హాబీలేమిటి, చదువు కాక ఇంకేం చేస్తావు అని. ఆ గడిలో 'హరికథా కళాకారిణి' అని రాసింది పిల్ల. నిన్న మధ్యగదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ కంపెనీ మేడంతో ఇంటర్వ్యూలో మాట్లాడుతుంటే ఆ మాట ఇల్లంతా విన్నది. గోడకవతల రాజకుమారి కూడా విన్నది.

అక్కడితో ఆగినా బాగుండేది. సుహాసిని అనే ఆ మేడం తెలుగావిడే. కోర్టు సంగతులు పక్కనపెట్టి హరికథ గురించే అడిగి అడిగి ముచ్చటపడిపోయింది. శనివారం శ్రీకాకుళంలో బంధువుల పెళ్ళికి వస్తున్నాను, దగ్గర్లో నీ కథేమైనా ఉందా అంది. "ఉంది మేడం, రాజాం రామాలయంలో" అనేసింది కౌముది. శనివారం శ్రీరామనవమికి రాజాంలో కథ ఉన్నమాట నిజమే. కాకపోతే అది రాజకుమారి కథ.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా. ఈ మాట హైదరాబాదు వెళ్ళి, శనివారానికి కారెక్కి రాజాం వచ్చేస్తోంది.

వీధి తలుపు చప్పుడైంది. మొగుడు అప్పలనరసింహం పాల ప్యాకెట్లు తెచ్చి గట్టు మీద పెట్టాడు. పాల కోసం వెళ్ళిన మనిషి ఊళ్ళో కోట చుట్టూ తిరిగి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది.

"అక్క తాగిందేటి?"

"లేదు."

"తాగదు. నానైనా తాగను." అని పీట లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నాక జగదీశ్వరి ఇచ్చిన కాఫీ తాగాడు.

ఆ ఇంట్లో తాత కథ చెప్పాడు, తండ్రి చెప్పాడు, ఇప్పుడు అక్క చెబుతోంది. అప్పలనరసింహానికి గొంతు రాలేదు, వేళ్ళు వచ్చాయి. అక్క పక్కన వయొలిన్ పట్టుకుని కూర్చోవడమే ఆయన బతుకంతా. అక్క మంచం దిగకపోతే ఆయనకు పొద్దు ఎటు పొడిచిందో కూడా తెలియదు.

డాబా మెట్లు దిగి కౌముది వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తండ్రిని చూసి వెనక్కి తిరగబోయింది గానీ ఆయన అప్పటికే మొదలుపెట్టేశాడు. కూతురితో కాదు, భార్యతో.

"హాబీ అంటే ఏటే జగదీశ్వరీ? తపాలా బిళ్ళలు దాసుకోడం. గులాబీ మొక్కలకి నీళ్ళు పొయ్యడం. మా తాత ఒళ్ళు కాగిపోతా బొబ్బిలిలో తెల్లార్లూ కత సెప్పి, దిగొచ్చి పడిపోనాడు. మళ్ళీ లెగలేదు. ఆయనది హాబీయేటి?"

జగదీశ్వరి పాలు గిన్నెలో పోసింది. ఆ ప్రశ్న తనది కాదని ఆమెకు తెలుసు. చీపురుపల్లి దగ్గర నువ్వులూ వేరుశెనగా పండించే ఇంటి నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆమెకు రాగాలే తెలియవు. ఇప్పటికీ మొగుడూ ఆడబిడ్డా తాళం గురించి పోట్లాడుకుంటుంటే పప్పులో ఉప్పు చూసుకుంటుంది.

"నాన్నా" అంది కౌముది నీరసంగా. "ఆ ఫారంలో నీక్కావలసిన గడి లేదు. చదువుకొకటి, చేసిన ఉద్యోగాలకొకటి, హాబీలకొకటి. మనింట్లో జరిగేది అందులో ఎక్కడ రాయమంటావు?"

"రాయకు."

"రాయకపోతే ఏటవుతుందో సూసాను కదా."

చూసింది పాపం. ఇంతకు ముందు పెట్టిన దరఖాస్తుల్లో ఆ గడిలో 'పుస్తకాలు చదవడం, పాటలు వినడం' అని రాసింది. ఒకచోట ఇంటర్వ్యూ చేసినాయన ఈమధ్య ఏం చదివావమ్మా అని అడిగితే గాభరాలో కాంట్రాక్టు చట్టం పాఠ్యపుస్తకం పేరు చెప్పింది. ఆయన నవ్వేసి థాంక్యూ అన్నాడు. ఆమెతో పాటు వెళ్ళిన పిల్లలేమో గుర్రపు స్వారీ అని, హిమాలయాలెక్కామని, అంతర్జాతీయ డిబేట్లని రాసుకున్నారు. కౌముదికి ఎక్కడం తెలిసిన కొండ రామతీర్థం కొండొక్కటే.

ఆ కంపెనీలోనే పనిచేస్తున్న శ్రావణి అని కాలేజీలో సీనియరు ఒకమ్మాయి చెప్పిందట. మార్కులు అందరివీ ఒకటేనే, పొద్దున్నుంచి రాత్రి దాకా పక్కన కూర్చోబెట్టుకోవలసిన మనిషి గనక, అసలు మనిషెవరో ఆ గడిలో చూస్తారు, ఇంకో ఇంట్లో లేనిది మీ ఇంట్లో ఏముందో అది రాయి అని. మంచి సలహాయే. తప్పు సలహాలో లేదు.

"మనింట్లో ఉన్నాదని నీకు ఉన్నట్టేనేటి?" అన్నాడు అప్పలనరసింహం, ఈసారి కూతురి మొహంలోకే చూస్తూ. "ఆలూ లేదు సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. గజ్జె కట్టలేదు గానీ శనివారం దీని కతంట."

కౌముది మళ్ళీ మెట్ల వైపు తిరిగింది.

ఆ ఇంటి ఆనవాయితీ అది. ఎన్ని కథలు నోటికొచ్చినా, ఎంత బాగా పాడినా, గురువు తన చేత్తో కాళ్ళకు గజ్జె కట్టేదాకా వాళ్ళు వంత పాడేవాళ్ళే. కథ చెప్పేవాళ్ళు కాదు. కౌముది చిన్నప్పటి నుంచి మేనత్త వెనక నిలబడి వంత పాడింది. ఇంటర్ అయిన ఏడు గజ్జె కట్టడానికి ముహూర్తం పెట్టారు. లా ప్రవేశపరీక్ష కూడా సరిగ్గా ఆ రోజే పడింది. పిల్ల పరీక్షకు వెళ్ళింది. రాజకుమారి ఒక్క మాట అనకుండా పసుపు రాసిన గజ్జెలు తుడిచి పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత మేనత్తా మేనకోడలూ మాట్లాడుకోలేదా అంటే మాట్లాడుకున్నారు. వర్షం గురించి, కరెంటు గురించి, కూరల గురించి.

తండ్రి లేచి మళ్ళీ వీధిలోకి పోయాడు. జగదీశ్వరి కూతుర్ని పెరట్లోకి తీసుకెళ్ళి బట్టలుతికే రాయి మీద కూర్చోబెట్టింది. తను పక్కన నిలబడి తోటకూర ఒలుస్తోంది.

"ఆ మేడానికి ఫోన్ సేసి ఉన్నదున్నట్టు సెప్పీయే. మా అత్త కత అది, తొందర్లో నోరు జారినానని."

కౌముది తల అడ్డంగా ఊపింది. "ఇది లాయర్ల కంపెనీ అమ్మా. దరఖాస్తులో అబద్ధం రాసిన మనిషిని ఏ లాయరూ దగ్గరికి రానివ్వడు. ఈ ఉద్యోగమొక్కటే పోతే పోనీ అనుకోవచ్చు. వీళ్ళందరూ ఒకళ్ళకొకళ్ళు తెలుసు. ఫలానా అమ్మాయి ఇలాగట అని చెప్పుకుంటారు. చదివిన చదువంతా ఏటైపోవాలి?"

"మరి అబద్ధమెందుకు ఆడినావు?"

"అబద్ధమనుకుని ఆడలేదమ్మా." కాలి బొటనవేలితో నాచు గీస్తూ కూర్చుంది. "ఆవిడ అడుగుతుంటే చెప్పుకుంటూ పోయాను. చిడతలు ఎలా పట్టుకోవాలో, జనం నిద్రకి జోగుతుంటే పిట్టకథ ఎలా ఎత్తుకోవాలో. అన్నీ నాకు తెలిసినవే కదా. అలా చెబుతుంటే నేనే చెబుతున్నాననిపించింది, కథలు. రాజాం అన్నాక గానీ ఆ కథ నాది కాదని తెలియలేదు."

జగదీశ్వరికి కూతురి మీద కోపం రావలసింది. రాలేదు. పిల్ల బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, ఈ నెల్లాళ్ళుగా సరిగ్గా నిద్రపోయింది లేదు. ఆ గడిలో ఏం రాయాలా అని తల్లినీ అడిగిందొకసారి. "అమ్మా నీ హాబీ ఏంటే" అని. జగదీశ్వరి నవ్వి, మీ అందరి అలకలు తీర్చడం అని చెప్పింది. అది రాసుకోడానికి పనికిరాదంది పిల్ల.

"అత్త కట్టేస్తే అబద్ధం కాకుండా పోద్దమ్మా" అంది కౌముది ఉన్నట్టుండి. "శనివారం లోపల. నాకు కథ వచ్చు. సీతాకల్యాణం మొత్తం వచ్చు. గజ్జె ఒక్కటే కదా లేనిది. నువ్వడుగు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. జగదీశ్వరి తోటకూర పళ్ళెం రాయి మీద పెట్టి, చేతులు కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుంటూ లోపలికి నడిచింది. ఈ ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి మాటలు మోసి మోసి ఆమె కాళ్ళు అరిగిపోయాయి.

రాజకుమారి మంచం అంచున కూర్చుని మోకాలికి ఆముదం రాసుకుంటోంది. ఆ మోకాలు వాచి ఉంది. నిరుడు కళింగపట్నంలో సగం కథయ్యాక కుర్చీ తెప్పించుకోవలసి వచ్చింది. ఇంటికొచ్చి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నిలబడి చెబితేనే అది హరికథ, కూర్చుని చెబితే పురాణం అని ఆవిడ లెక్క.

జగదీశ్వరి కింద కూర్చుని ఆముదం గిన్నె తన చేతిలోకి తీసుకుంది. మోకాలు రాయడం మొదలుపెట్టింది. రాజకుమారి కాలు లాక్కోలేదు.

"ఎవరంపినారు? నీ కూతురా, నా తమ్ముడా?"

"ఎవరూ కాదు వదినా. నాకు ఆకలేస్తన్నాది. మీరు తినకపోతే నాను తినలేను." రెండూ అబద్ధాలే.

రాజకుమారి ఆమె మొహం వంక చూసింది. మరదలి ముఖం ఎంత వడలిపోయిందో అప్పుడే చూసినట్టుంది.

"హాబీ అన్నాదని కోపమనుకుంటన్నారు మీరంతా. ఆ మాటకి అర్థమేటో నాకేటి తెలుసు. ఏదో అన్నాది, పోనీ."

"మరేటి వదినా?"

"పాడినాది." రాజకుమారి గొంతు సన్నగా ఉంది. వేలమందికి మైకు లేకుండా వినిపించిన గొంతు అది. "ఆ మేడం అడిగిందని సీతాకల్యాణంలో పాటెత్తుకుంది. ఆ గోడ పక్కనే కూకున్నాను నాను. దాని గొంతు ఇని నా కాలు దానంతటదే ఆడినాది, ఈ సచ్చు కాలు. నానెన్ని మాట్లు అడిగినానే, ఒక్క పాట పాడే కౌముదీ అని? గొంతు బాగోలేదత్తా అన్నాది. సదువుకోవాలన్నాది. ఎవరో తెలీని మనిషికి పాడినాది. నాకు పాడలేదు."

జగదీశ్వరికి కళ్ళు చెమ్మగిల్లాయి. నిన్నటి నుంచి ఇంట్లో ఇంత గొడవ జరుగుతుంటే ఈ ముక్క ఎవరికీ తోచలేదు. మొగుడు ఒక మాటకు అర్థం గురించి అరుస్తున్నాడు, కూతురు ఉద్యోగం గురించి ఏడుస్తోంది. ఈ మనిషి ఒక పాట కోసం అన్నం మానేసి కూర్చుంది.

అయినా తల్లి తల్లే. కూతురి పని పట్టుకుని వచ్చింది గనక అడిగేసింది. "గజ్జె కట్టీయండి వదినా. పిల్ల మాట నిలబడతాది."

"ఎవరి మాటో నిలబెట్టడానికి కడతారేటే గజ్జె?"

జగదీశ్వరి ఆముదం గిన్నె పక్కన పెట్టింది.

"కావాలంటే అదే వచ్చి అడగాలి" అంది రాజకుమారి కాలు మంచం మీదికి తీసుకుంటూ. "రాయబారాలు కతలో బాగుంటాయి."

వంటింట్లో కౌముదికి ఆ సంగతి చెబితే, పిల్ల చాలాసేపు గోడకానుకుని నిలబడింది. పాట సంగతి కూడా చెప్పింది జగదీశ్వరి. అది వినగానే పిల్ల మొహం తిప్పుకుంది. మొహం కడుక్కుని, జుట్టు ముడివేసుకుని, మధ్యగది దాటి మేనత్త గుమ్మం దగ్గరికి వెళ్ళింది. చెయ్యి తలుపు మీద వేసింది. తొయ్యలేదు.

సరిగ్గా అప్పుడే వీధిలో మోటారుసైకిలు ఆగింది. అప్పలనరసింహం వెనకాలే జగన్నాధం లోపలికి వచ్చాడు. రాజాంలో ధాన్యం వ్యాపారం ఆయనది, రామాలయం కమిటీకి పెద్ద. శనివారం కథకు తాంబూలం ఇవ్వడానికి వచ్చాడు. మనిషి మంచివాడే గానీ సంచి ఒళ్ళో పెట్టుకుని అదేపనిగా నిమురుతున్నాడు.

మంచినీళ్ళు తాగాక నసుగుతూ మొదలుపెట్టాడు. అమ్మగారి మోకాలు ఎలా ఉందని అడిగాడు. నిరుడు కుర్చీ తెప్పించిన సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందన్నాడు. తనకైతే ఆవిడ పడుకుని చెప్పినా వినబుద్ధేస్తుంది గానీ కమిటీలో కుర్రాళ్ళున్నారని, వాళ్ళు ఈ ఏడు పాటల ఆర్కెస్ట్రా పెడదామంటున్నారని, అమ్మగారికి శ్రమ ఎందుకని వాళ్ళ ఉద్దేశమని చెప్పాడు. అప్పలనరసింహం మొహం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోపు లోపలి తలుపు తెరుచుకుంది.

రాజకుమారి గోడ పట్టుకుని బయటికి వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ మేనకోడల్ని చూసింది. కౌముది పెదవులు కదిలాయి.

"అత్తా, నాకు..."

"తెలుసు" అంది రాజకుమారి. మరి పిల్ల అడిగినట్టో అడగనట్టో జగదీశ్వరికి అర్థం కాలేదు.

కుంటుకుంటూ వచ్చి కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడింది, కూర్చోలేదు. "జగన్నాధం, శనివారం కత ఉన్నాది. సెప్పీది నాను కాదు. మా కౌముది."

జగన్నాధం సంచి నిమరడం ఆపాడు. "అమ్మాయిగారికి గజ్జె కట్టినారేటండీ? మాకు కబురే లేదు."

"శుక్రవారం పొద్దుట కడతాను."

అప్పలనరసింహం పొద్దుటి నుంచి అరిచిన అరుపులన్నీ ఎటుపోయాయో, గభాలున లేచి గోడకున్న వయొలిన్ పెట్టె దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని వీపు చూస్తేనే తెలుస్తోంది. ఐదేళ్ళ నుంచి ఆయన ఈ మాట కోసమే కాచుక్కూర్చున్నాడు. కౌముది వంగి మేనత్త కాళ్ళు పట్టుకుంది. జగదీశ్వరి తలుపుకు ఆనుకుని ఊపిరి వదిలింది. హమ్మయ్య అనుకుంది. మేడం వస్తే రానీ. రాజాం రామాలయంలో తన కూతురే నిలబడుతుంది. అబద్ధం లేదు. అందరూ అన్నం తింటారు.

ఆ హమ్మయ్య ఎంతోసేపు నిలవలేదు.

జగన్నాధం సంబరం పట్టలేక సంచిలోంచి తమలపాకులూ వక్కలూ పళ్ళూ తీసి, జగదీశ్వరిని పళ్ళెం అడిగి, అందులో పేర్చాడు. రాజకుమారి వైపు పెట్టబోయి కౌముది వైపు తిప్పాడు. "కొత్త గజ్జెకి మొదటి తాంబూలం మా రాజాందే. ఇంక మాకు తిరుగులేదు." అని గబగబా చెప్పుకుపోయాడు. శనివారం కాక దసరాలకూ తమకే కావాలన్నాడు. కార్తీక మాసం తన బావమరిది ఊరిలో. ఆషాఢం, శ్రావణం ఎవరూ తీసుకోకపోతే అవీ తనే చూస్తానన్నాడు. "వచ్చే నవమి దాకా మీరు కాదనకూడదు కదండీ. మీ ఇంటి కట్టడి మా తాతల నాటి నుంచి తెలుసు మాకు."

ఆ కట్టడి జగదీశ్వరికీ తెలుసు. ఇంతసేపూ ఎలా మరిచిపోయిందో. ఆ ఇంట్లో కొత్తగా గజ్జె కట్టించుకున్నవాళ్ళు ఏడాది తిరిగేదాకా, తాంబూలం పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ఏ ఊరివాళ్ళనూ కాదనకూడదు. చిన్న ఊరనీ, దూరమనీ, ఒంట్లో బాగోలేదనీ అనకూడదు. రాజకుమారి గజ్జె కట్టించుకున్న ఏడు ఇంట్లో నిద్రపోయిన రాత్రులు తక్కువని ఆవిడే చెబుతుంటుంది.

హైదరాబాదు ఉద్యోగం ఆషాఢంలో మొదలు. పొద్దున్నుంచి రాత్రి దాకా పక్కన కూర్చోబెట్టుకునే ఉద్యోగం.

జగదీశ్వరి కూతురి వైపు చూసింది. కౌముది మేనత్త కాళ్ళ దగ్గర నుంచి లేచి నిలబడింది. మొహంలో సంతోషం ఆరిపోతోంది. ఆ గడిలో రాసిన మాట నిజం కావాలంటే గజ్జె కట్టించుకోవాలి. గజ్జె కట్టించుకుంటే ఆ ఉద్యోగానికి వెళ్ళడానికి లేదు. పిల్ల లెక్క కట్టేసుకుంది, చూస్తుంటేనే తెలుస్తోంది.

రాజకుమారికి ఇది ముందే తెలుసా? తెలియకుండా ఎలా ఉంటుంది, ఆవిడ కట్టించుకున్న గజ్జే కదా. పిల్లను కాపాడిందా, పట్టుకుందా? జగదీశ్వరి ఆడబిడ్డ మొహం ఎంత చూసినా ఏమీ దొరకలేదు. అందులో కోపం లేదు. ఆశ మాత్రం ఉంది, దాచుకోలేనంత ఉంది. అది చూడలేక తల దించుకుంది.

"పుచ్చుకోండమ్మా" అన్నాడు జగన్నాధం పళ్ళెం చాచి.

కౌముది చేతులు కదలలేదు. అప్పలనరసింహం కళ్ళు తుడుచుకుని ఇటు తిరిగాడు. ఎందుకు ఆగిపోయిందో ఆయనకు ఇంకా అర్థం కాలేదు.

"అత్తా" అంది కౌముది మెల్లగా. ఇన్నేళ్ళుగా వర్షం గురించీ కూరల గురించీ మాట్లాడిన గొంతు కాదు అది. "ఒక మాట అడుగుతాను. శనివారం కథ చెప్పేసి, ఆ తర్వాత నేను... మానేస్తే?"

జగన్నాధం బిత్తరపోయి చూశాడు. అప్పలనరసింహం ఏదో అనబోతే రాజకుమారి చెయ్యెత్తి ఆపింది. చాలాసేపు మేనకోడలి కళ్ళలోకి చూసింది. కసురుకుంటుందేమోనని జగదీశ్వరి ఒక అడుగు ముందుకు వేసింది. ఆవిడ కసురుకోలేదు. గొంతులో అలసట తప్ప ఇంకేమీ లేదు.

"మానీ. నిన్నెవరూ కట్టీసి ఉంచరు. అప్పుడు నీ మేడానికి నువ్వు సెప్పింది నిజమే అవుతాది. నా ముందు కాలు సాపి గజ్జె కట్టించుకుంటావే, అది అబద్ధమవుతాది. మానకపోతే ఆ మేడానికి ఉజ్జోగానికి వస్తానన్న మాట అబద్ధమవుతాది." కుర్చీ వీపును ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "ఒకళ్ళకి అబద్ధమాడక తప్పదే, కౌముదీ. ఎవరికో నువ్వే సూసుకో."

జగన్నాధం పళ్ళెం చాచే ఉన్నాడు, దించితే అపశకునమని దించలేకపోతున్నాడు. కౌముది తల్లి వైపు చూసింది. ఎన్నడూ లేనిది, ఏం చెయ్యమంటావమ్మా అని కళ్ళతోనే అడిగింది. ఈ ఇంట్లో అందరి మాటలూ అందరికీ మోసిన జగదీశ్వరి, తన మాటంటూ ఒకటి చెప్పవలసి వచ్చేసరికి, తడిలేని చేతులను కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

కౌముది రెండు చేతులూ చాచి తాంబూలం పుచ్చుకుంది. రాజకుమారి కళ్ళు మూసుకుంది. అప్పలనరసింహం నవ్వాడు. ఆ పళ్ళెం పట్టుకున్న చేతులు ఎవరికి అబద్ధమాడబోతున్నాయో కన్నతల్లికి తెలియలేదు.